చంద్రముఖి పుట్టిల్లు

"లకలకలక" అంటే చాలు, మనింట్లో పదేళ్ళ పిల్ల దగ్గర్నుంచి అత్తగారి దాకా అందరికీ రజనీకాంత్ కళ్ళముందు కనిపిస్తాడు. ఆ వెంటనే జ్యోతిక కళ్ళు, ఆ పెద్ద బొట్టు, వడివేలు వణుకు గుర్తొస్తాయి. పండక్కి నలుగురం కలిసినప్పుడు టీవీలో చంద్రముఖి వస్తుంటే మార్చేవాళ్ళు ఉండరు. ఎన్నిసార్లు చూసినా గది తలుపు తెరిచే చోట కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంటాం, మరుక్షణం పగలబడి నవ్వుతాం. భయాన్నీ నవ్వునీ ఒకే కంచంలో వడ్డించిన సినిమా అది.

కానీ చంద్రముఖి పుట్టిల్లు చెన్నై కాదండీ, కేరళ. పుట్టినప్పుడు ఆమె పేరు నాగవల్లి. సినిమా పేరు మణిచిత్రతాళు, వచ్చింది 1993 డిసెంబరులో. మలయాళీ నర్సు స్నేహితురాలు లేనివాళ్ళు మనలో ఎవరున్నారు? రేపు డ్యూటీలో ఆ పేరు ఎత్తి చూడండి. ఆమె మొహం వెలిగిపోతుంది. "అసలుదంటే అదే" అని మొదలుపెట్టి బ్రేక్ అయిపోయేదాకా ఆపదు. ఆమె ఎందుకలా అంటుందో, ఆ సినిమా మనదాకా వచ్చేసరికి ఏం మిగిలిందో, ఏం జారిపోయిందో చెప్పాలనే ఈ వ్యాసం. కథ మొత్తం చెప్పేస్తాను. చూడనివాళ్ళు ముందు చూసొచ్చి చదివినా సరే.

తాళం వేసిన గది

మణిచిత్రతాళు అంటే చిత్రమైన పనితనంతో చేసిన పాతకాలపు తాళం. కథ రాసింది మధు ముట్టం. ముట్టం ఆలప్పుళ జిల్లాలో ఒక ఊరు. అక్కడ ఆలుమ్మూట్టిల్ అనే పేరున్న పాత తరవాడు, అంటే తరాలనాటి ఉమ్మడి కుటుంబపు ఇల్లు, ఉంది. ఆ ఇంట్లో 1921లో జరిగిన హత్య చుట్టూ అల్లుకున్న కథలే ఈ సినిమాకి విత్తనం అంటారు. దర్శకుడు ఫాజిల్. పని త్వరగా, బాగా జరగాలని ప్రియదర్శన్, సిబి మలయిల్, సిద్దిఖ్-లాల్ లాంటి పేరున్న దర్శకులు రెండో యూనిట్‌గా వచ్చి సీన్లు తీసిపెట్టారు. ఒకరి సినిమాకి ఇంతమంది దర్శకులు చెయ్యి వెయ్యడం అరుదు. షూటింగు త్రిప్పూణిత్తుర హిల్ ప్యాలెస్‌లోనూ పద్మనాభపురం ప్యాలెస్‌లోనూ చేశారు. ఆ చెక్క మెట్లు, సన్నటి వసారాలు సెట్టింగులు కావు.

ఇక కథ. నకులన్, గంగ అనే జంట కలకత్తా నుంచి నకులన్ పూర్వీకుల ఇల్లు మాడంపళ్ళికి వస్తారు. ఆ ఇంట్లో దక్షిణం వైపు గదులకి, వాళ్ళ భాషలో తెక్కినికి, తాళం వేసి ఉంటుంది. ఎప్పుడో ఆ ఇంటి పెద్ద శంకరన్ తంపి తంజావూరు నుంచి నాగవల్లి అనే నాట్యకత్తెని తెచ్చి పెట్టుకున్నాడు. ఆమె మనసు మాత్రం రామనాథన్ అనే నాట్యకారుడి మీద ఉంది. అది తెలిసి తంపి ఆమెని దుర్గాష్టమి రాత్రి చంపేశాడు. ఆమె ఆత్మ ఆ గదుల్లోనే ఉందని ఇంటివాళ్ళ నమ్మకం. గంగకి ఆ కథ ఎంత విన్నా తనివి తీరదు. తాళం తెరిపిస్తుంది. అక్కణ్ణుంచి ఇంట్లో సామాన్లు పగలడం, మంటలు అంటుకోవడం, రాత్రిపూట గజ్జెల చప్పుడు మొదలవుతాయి. నకులన్ తన స్నేహితుడు, సైకియాట్రిస్టు అయిన డాక్టర్ సన్నీని పిలిపిస్తాడు. ఆ పాత్ర మోహన్‌లాల్‌ది. నకులన్‌గా సురేశ్ గోపి, గంగగా శోభన.

చివరికి తేలేది ఒక్కటే. ఆ ఇంట్లో దెయ్యం లేదు. ఉన్నది గంగ. ఆమెకి జబ్బు చేసింది.

గంగ చిన్నతనం

ఈ ముక్క మాత్రం నిదానంగా చదవండి. తర్వాత వచ్చిన సినిమాల్లో చాలామందికి గుర్తుండనిది, మనకి బాగా తగిలేది ఇదే.

గంగ తల్లిదండ్రులు ఉద్యోగాల కోసం కలకత్తాలో ఉంటారు. పిల్లని ఊళ్ళో ముసలామె దగ్గర వదిలి వెళ్తారు. ఆ ముసలామె చెప్పే కథలే పిల్లకి లోకం. రాజులు, యక్షిణులు, పగలు, శాపాలు. పిల్ల వాటిలోనే పెరుగుతుంది. తర్వాత ఒకరోజు, పరీక్షల సమయంలో, అమ్మానాన్నా వచ్చి నిన్ను తీసుకుపోతాం అంటారు. తెలిసిన లోకం ఒక్కసారిగా లాగేసుకుంటున్నట్టు పిల్లకి మతి చెదురుతుంది. అప్పుడు పడిన బీట పెళ్ళయి ఎన్నో ఏళ్ళు గడిచాక, కథల వాసన నిండిన ఆ ఇంట్లో, నాగవల్లి రూపంలో బయటికొస్తుంది.

గల్ఫ్‌లోనో, యూకేలోనో డ్యూటీలు చేస్తూ పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉంచి నెట్టుకొచ్చినవాళ్ళం మనలో ఎంతమందిమి ఉన్నామో మీకు తెలుసు. ఈ సినిమా అలాంటి తల్లిని తిట్టదు. మీరు వదిలేశారు కాబట్టి పిల్లకి పిచ్చెక్కిందని వేలెత్తి చూపదు. పిల్లకి లోపల ఏం జరుగుతోందో అడిగినవాళ్ళు లేకపోయారని మాత్రం నెమ్మదిగా చెప్తుంది. 1993లో ఒక కమర్షియల్ సినిమా, అదీ నవ్వులు నిండిన సినిమా, ఈ మాట చెప్పింది.

నవ్వు ఎందుకు

హాస్యం అంతా ఇంటి పెద్దల చుట్టూ తిరుగుతుంది. ఇన్నోసెంట్, నెడుముడి వేణు, కేపీఏసీ లలిత లాంటి ఉద్దండులు పిరికితనంలో ఒకరిని మించి ఒకరు. కుతిరవట్టం పప్పు చేసిన పాత్ర అయితే మతి తప్పి, నేల మీద లేని నీళ్ళని తప్పించుకుంటూ గెంతుతూ నడుస్తుంది. కేరళలో ఇప్పటికీ ఆ నడకని అనుకరించి నవ్వుతారు. మనకి చంద్రముఖిలో వడివేలు ఎలాగో, వాళ్ళకి వీళ్ళంతా కలిపి అలా.

ఈ నవ్వు కథ మధ్యలో ఊపిరి తీసుకోవడానికి పెట్టింది మాత్రమే కాదు. భయపడేవాళ్ళని చూసి మనం నవ్వుతుంటాం. తాయెత్తులు, మంత్రించిన నీళ్ళు, చీకట్లో కేకలు. అలా నవ్వుతూ నవ్వుతూ, అసలు బాధలో ఉన్న మనిషిని మనమూ చూడం. గంగ ఆ నవ్వుల మధ్యలోనే, అందంగా, మర్యాదగా, కాఫీ ఇస్తూ తిరుగుతుంటుంది. తెలిశాక రెండోసారి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఆమె కళ్ళలో అన్నీ మొదట్నుంచే ఉన్నాయి.

అనుమానం ఎవరి మీద

ఇంట్లో వింతలు జరుగుతుంటే అందరూ అనుమానించింది ఎవరిని? శ్రీదేవిని. ఆమె నకులన్‌కి వరసైన పిల్ల. ఒకప్పుడు అతనికే ఇచ్చి చెయ్యాలనుకున్నారు. జాతకంలో దోషం ఉందని మానేశారు. మనం కుజదోషం అంటామే, అదే. వేరేవాళ్ళకిచ్చి చేస్తే ఆ కాపురం కొన్ని రోజులకే ముగిసి పుట్టింటికొచ్చేసింది. ఉడుపి నుంచి వచ్చిన కన్నడ నటి వినయా ప్రసాద్ ఈ పాత్ర వేశారు. మాట తక్కువ, తలొంచుకుని తిరుగుతుంది. ఇంకేం, తప్పంతా ఆమెదే అయివుండాలి.

మన ఇళ్ళల్లో ఇది తెలియందా? మొగుణ్ణి వదిలొచ్చిన పిల్ల ఉంటే, ఇంట్లో పాలు విరిగినా ఆమె నీడ పడబట్టే. సినిమా మనల్ని కూడా ఆ అనుమానంలోకి లాగి, తర్వాత సిగ్గుపడేలా చేస్తుంది. చివర్లో సన్నీ ఆమెనే పెళ్ళి చేసుకుంటానని అడుగుతాడు. ఆ జాతకం లెక్క అక్కడితో చెల్లిపోతుంది.

మంత్రమూ మందూ

తంత్రవేత్త బ్రహ్మదత్తన్ నంబూదిరిపాద్‌గా తిలకన్ వస్తారు. ఆయనా సన్నీ కొట్టుకుంటారేమో అనుకుంటాం. కానీ ఆ పెద్దాయన డాక్టరు మాట శ్రద్ధగా విని, ఒప్పుకుని, తన పూజ సామగ్రితో సహా చికిత్సకి సాయపడతాడు. దుర్గాష్టమి రాత్రి నాగవల్లికి తన పగ తీరిందని నమ్మకం కలగాలి. అందుకని తంపి స్థానంలో నకులన్‌ని పడుకోబెడతారు. పొగ మధ్యలో పలక తిరుగుతుంది, మనిషి బదులు బొమ్మ వస్తుంది. ఆమె కత్తి బొమ్మ మీద పడుతుంది. పలక తిరగడం ఒక్క క్షణం ఆలస్యమైతే పోయేది నకులన్ ప్రాణం. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా పడుకుంటాడు.

దెయ్యం పట్టిందన్న భార్యని పుట్టింటికి పంపెయ్యకుండా, గొలుసులు వెయ్యకుండా, ఆమె కత్తి కింద తల పెట్టిన మొగుడి కథ ఇది. అందుకే మలయాళీ ఆడవాళ్ళు దీన్ని దెయ్యం సినిమా అని ఊరుకోరు.

నర్సుగా ఒక మాట చెప్పాలి. గంగ జబ్బుని ఇప్పుడు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటున్నారు. అది హిప్నాటిజంతో ఒక్క రాత్రిలో నయమయ్యేది కాదు. నెలలు, ఏళ్ళు పట్టే మాటల చికిత్స కావాలి. పూనిన మనిషి పెద్ద మంచాన్ని ఒంటిచేత్తో ఎత్తడం సినిమా కోసమే. ఆ వివరాలు తప్పినా దారి సరైనదే: ఆమె చెడ్డది కాదు, ఆమెకి జబ్బు, జబ్బుకి వైద్యం ఉంది.

ఆ నాట్యం, ఆ గొంతు

శోభన మనకి కొత్త కాదు. రుద్రవీణ, అభినందన, అల్లుడుగారు సినిమాల్లో చూశాం. మొన్న 2024లో కల్కి 2898 ఏడీలో మరియమ్‌గా కనిపించింది. లలిత, పద్మిని, రాగిణి అక్కచెల్లెళ్ళకి ఆమె మేనకోడలు. భరతనాట్యం ఆమెకి ప్రాణం. గంగ పాత్రకి ఆమెకి ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది. ఆరోగ్యకరమైన వినోదం ఇచ్చిన ప్రజాదరణ చిత్రంగా సినిమాకీ జాతీయ అవార్డు ఇచ్చారు.

సంగీతం ఎం.జి. రాధాకృష్ణన్‌ది. ఒక పాటకి ఆయన ఆహిరి రాగం పట్టుకున్నాడు. ఆహిరి పాడితే ఆరోజు అన్నం పుట్టదని సంగీతం వాళ్ళల్లో ఒక నమ్మకం. మూఢనమ్మకాల మీద తీసిన సినిమాకి ఆ రాగమే పెట్టడం ఎంత చక్కటి ధైర్యమో చూడండి.

ఇంకో ఆడమనిషి గురించి కూడా చెప్పుకోవాలి. గంగ మలయాళం మాటలు భాగ్యలక్ష్మి చెప్పారు. తమిళంలో గర్జించే నాగవల్లి గొంతు కూడా ఆవిడదేనని ఇరవై ఏళ్ళకి పైగా అందరూ అనుకున్నారు. ఆ గొంతు దుర్గ అనే తమిళ డబ్బింగ్ కళాకారిణిదని ఫాజిల్ చాలా ఏళ్ళ తర్వాత బయటపెట్టారు. ఊరందరినీ వణికించిన గొంతుకి పేరు దొరకడానికి అన్నేళ్ళు పట్టింది.

ఊరూరా తిరిగిన నాగవల్లి

పదేళ్ళకి పైగా ఈ కథ కేరళలోనే ఉంది. 2004లో పి. వాసు కన్నడంలో ఆప్తమిత్రగా తీశారు. విష్ణువర్ధన్ డాక్టరు, మన సౌందర్య గంగ. ఆ ఏడాది ఏప్రిల్ 17న సౌందర్య విమాన ప్రమాదంలో పోయింది. ఆగస్టులో సినిమా విడుదలయ్యేటప్పటికి ఆమె లేదు. థియేటర్లో ఆమెని ఆ పాత్రలో చూసినవాళ్ళు ఎలా తట్టుకున్నారో!

2005 ఏప్రిల్‌లో అదే పి. వాసు తమిళంలో చంద్రముఖి తీశారు. చెన్నై శాంతి థియేటర్‌లో అది 800 రోజులకి పైగా ఆడింది. తెలుగులోకి వచ్చి మన ఇళ్ళల్లో స్థిరపడిపోయింది. 2007లో ప్రియదర్శన్, అంటే మొదటి సినిమాకి సీన్లు తీసిపెట్టినవాళ్ళల్లో ఒకాయన, హిందీలో విద్యాబాలన్‌తో భూల్ భులయ్యా తీశారు.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. మలయాళంలో దెయ్యం తమిళం మాట్లాడుతుంది. కన్నడంలో, తమిళంలో ఆమె తెలుగు పిల్ల, అందుకే "రా రా" పాట తెలుగులో ఉంటుంది. తెలుగులోకి డబ్ చేసేసరికి ఆమె చేత తమిళం పాడించారు. హిందీలో ఆమె బెంగాలీ. అంటే ఏ ఊళ్ళో చూసినా భయపెట్టేది పక్క భాష ఆడమనిషే! పుట్టిన ఊరు వదిలి, భాష తెలియని చోటికి ఒక మగాడు తీసుకొస్తే వచ్చిన మనిషి. ఆమె గోడు అక్కడెవరికీ అర్థం కాలేదు, చచ్చాక ఆ భాషే అందరికీ భయమైంది. వేరే దేశంలో వేరే భాషలో బతుకుతున్న మనకి నాగవల్లి మీద కాస్త జాలి కలగకుండా ఉంటుందా?

ఏం జారిపోయింది

చంద్రముఖిని నేను తక్కువ చెయ్యను. డాక్టరు, జబ్బు, వైద్యం అందులోనూ ఉన్నాయి. జ్యోతిక ప్రాణం పెట్టింది. అయినా కొన్ని మారాయి. మొదటి సినిమాలో డాక్టరు కథ బాగా నడిచాక గాని రాడు. ఇక్కడ రజనీకాంత్ మొదట్లోనే ఫైటుతో దిగుతాడు. మొదటిదాంట్లో కత్తి కింద మొగుడు పడుకుంటాడు. ఇక్కడ ఆ ప్రమాదం కూడా హీరోదే. శ్రీదేవి లాంటి విడిచిన పిల్ల చోట నయనతార వేసిన దుర్గ వచ్చింది. ఇంట్లో తిరిగే పెద్ద పాము ఒకటి చేరి, ఏమో, నిజంగానే ఏదో ఉందేమో అన్న అనుమానం మిగిల్చింది.

ఆ అనుమానమే తర్వాతి సినిమాల్లో పెరిగి పెద్దదైంది. 2010లో కన్నడంలో ఆప్తరక్షక, తెలుగులో వెంకటేశ్, అనుష్కలతో నాగవల్లి వచ్చాయి. పాత రాజు వందేళ్ళు దాటినా ఇంకా బతికే ఉన్నాడు అనేదాకా కథ పోయింది. 2022లో భూల్ భులయ్యా 2లో టబు ఎంత బాగా చేసినా, అక్కడ దెయ్యం నిజం దెయ్యమే. 2023లో లారెన్స్, కంగనాలతో చంద్రముఖి 2, కీరవాణి సంగీతం. 2024లో భూల్ భులయ్యా 3. డబ్బులొచ్చాయి, పాటలు మోగాయి. కానీ గంగ మాత్రం ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. మొదటి సినిమా దెయ్యం ముసుగు తీసి లోపలున్న మనిషిని చూపించింది. తర్వాతివి మనిషిని తీసేసి ముసుగుని దాచుకున్నాయి.

సినిమాయే కదా అంటారా? 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గా దగ్గర నడుపుతున్న ఒక ఆశ్రమంలో మంటలు లేచాయి. అక్కడ మానసిక రోగుల్ని గొలుసులతో కట్టి ఉంచేవాళ్ళు. పరిగెత్తలేక 28 మంది కాలిపోయారు. వాళ్ళంతా "పట్టింది" అని ఇంటివాళ్ళు తెచ్చి వదిలినవాళ్ళే. గొలుసులు వెయ్యకూడదని స్పష్టంగా రాసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మన దేశంలో 2017లో వచ్చింది. మణిచిత్రతాళు చెప్పిన మాట చట్టంలోకి ఎక్కడానికి 24 ఏళ్ళు.

ఇప్పటికీ ఊరి నుంచి ఫోన్లొస్తుంటాయి కదా. "కోడలికి గాలి సోకిందే, నిద్రపోవట్లేదు, తనలో తను మాట్లాడుకుంటోంది, ఫలానా చోటికి తీసుకెళ్తున్నాం" అని. ఇంత దూరాన ఉండి మనం పోట్లాడితే వినరు. మీ దేవుణ్ణి నమ్మొద్దు అంటే అసలే వినరు. తిలకన్ పాత్రని గుర్తు చేసుకోండి. పూజ చేయించండి అత్తయ్యా, దాంతోపాటు డాక్టరుకీ చూపించండి అని చెప్పొచ్చు. 14416కి ఫోన్ చేయమనండి. అది టెలీ మానస్, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సహాయ నంబరు. తెలుగులోనూ మాట్లాడొచ్చు.

2024 ఆగస్టులో మణిచిత్రతాళుని 4కెలో బాగుచేసి మళ్ళీ థియేటర్లలో వేశారు. 31 ఏళ్ళ తర్వాత కూడా జనం వచ్చారు. ఇన్నోసెంట్, నెడుముడి వేణు, లలిత, తిలకన్, పప్పు ఇప్పుడు లేరు. అయినా హాలు నిండా వాళ్ళ నవ్వులే.

ఈసారి సెలవు దొరికితే సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. పక్కన చంద్రముఖి అభిమాని అయిన పిల్లనో, మీ మలయాళీ స్నేహితురాలినో కూర్చోబెట్టుకోండి. భయపడండి, కావలసినంత నవ్వండి. నవ్వుతున్నప్పుడు మాత్రం ఒక కన్ను గంగ మీద వేసి ఉంచండి. ఆ ఇంట్లో అంతమంది ఉండి కూడా, సన్నీ వచ్చేదాకా ఆ పిల్లని "నీకేమయిందమ్మా" అని ఒక్కరైనా అడిగారేమో చూసి నాకు చెప్పండి.